ఎరువుల దుకాణం, ధ్రువపు ఎలుగుబంట్లు, ఒక ఎమ్యులేటర్

(కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం విద్యార్థుల ముందు ఒక యాప్ టెస్టర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మైకు వెనకదాకా వినబడుతోందా? చివరి బెంచీల వాళ్లు తలలు ఊపుతున్నారు కాబట్టి వినబడుతోందనే అనుకుంటాను. భోజనాల తర్వాతి సమయం నాకిచ్చారు. ఆ ఊగడం నిద్రకైనా నేనేమీ అనుకోను.

ఇందాక మెట్లెక్కుతుంటే మీలో ఒకమ్మాయి అడిగింది: "మేడం, మా అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. మళ్లీ ల్యాప్‌టాప్‌లో ఇంకో ఫోను దేనికి?" మంచి ప్రశ్న. నేను ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో నాకూ ఇదే సందేహం. ల్యాప్‌టాప్‌లో ఫోనులాగా ప్రవర్తించే ఆ ప్రోగ్రామునే ఎమ్యులేటర్ అంటారు. అది ఫోను కొనలేనివాళ్లు వాడుకునేది అనుకునేదాన్ని.

మీ ఫోను గురించి ఒక్కసారి ఆలోచించండి. ఛార్జింగ్ నిండుగా ఉంటుంది. కాలేజీ వైఫై ఉంటుంది. ఆండ్రాయిడ్ కొత్తది. తెర మీద భాష ఇంగ్లిషు. మీరు రాసిన యాప్ అందులో చక్కగా నడుస్తుంది, ఎందుకు నడవదు? రేపు దాన్ని వాడే మనిషి ఫోనులో బ్యాటరీ 4 శాతం ఉంటుంది. డబ్బు కట్టే బటన్ నొక్కిన క్షణానే అల్లుడి దగ్గరినుంచి కాల్ వస్తుంది. అప్పుడే బస్సు కొండ మలుపు తిరిగి సిగ్నల్ పోతుంది. కష్టాలు చెప్పి రావంటారు కదా. ఎమ్యులేటర్‌లో మాత్రం చెప్పినప్పుడు వస్తాయి, చెప్పినన్నిసార్లు వస్తాయి. నేను ఎమ్యులేటర్‌ను వాడేది అందుకే. చాలామంది దాన్ని ఫోనుకు బదులు వాడతారు, యాప్ తెరిచి నాలుగు బటన్లు నొక్కి, పనిచేస్తోందని మూసేస్తారు. అంత మాత్రానికైతే ఆ అమ్మాయి అన్నది నిజమే, చేతిలో ఫోను చాలు.

ఒక పాత కథ చెప్పి అసలు విషయంలోకి వస్తాను. 1975లో ఆల్టెయిర్ 8800 అనే చిన్న కంప్యూటర్ వచ్చింది. దానికి బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష రాసిస్తామని, తర్వాత మైక్రోసాఫ్ట్ పెట్టిన బిల్ గేట్స్, పాల్ ఆలెన్ ఆ కంపెనీ వాళ్లకు మాటిచ్చారు. ఇద్దరిలో ఎవరూ ఆ యంత్రాన్ని కళ్లతో చూడలేదు. హార్వర్డ్‌లో ఉన్న పీడీపీ-10 అనే పెద్ద కంప్యూటర్ మీద, ఆల్టెయిర్‌లోని 8080 చిప్పులాగా ప్రవర్తించే ప్రోగ్రామును ఆలెన్ రాశాడు. బేసిక్ మొత్తాన్ని ఆ ఉత్తుత్తి చిప్పు మీదే తయారుచేశారు. ఆలెన్ దాన్ని కాగితపు టేపు మీద ఎక్కించుకుని, ఆ కంపెనీ ఉన్న అల్బుకర్కీకి విమానం ఎక్కాడు. అసలు యంత్రంలో పెడితే మొదటిసారే పనిచేసింది, రెండూ రెండూ కలపమంటే నాలుగు అని చెప్పింది. ఇక్కడిదాకా అందరూ చెప్పే కథే. నాకు నచ్చేది మాత్రం ఇంకో ముక్క. ఆ టేపును యంత్రంలోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాము, లోడర్, రాయడం ఇద్దరూ మరిచిపోయారు. విమానం కిందికి దిగుతుంటే ఆలెన్‌కు గుర్తొచ్చి, సీట్లో కూర్చునే కాగితం మీద రాశాడు. పీడీపీ-10 మీద దాని అవసరమే రాలేదు మరి. ఎమ్యులేటర్‌లో అవసరం రానిది మనకు గుర్తు రాదు. ఈ ముక్కకు చివర్లో మళ్లీ వస్తాను.

ఆండ్రాయిడ్ పుట్టుక కూడా దాదాపు ఇలాంటిదే. 2007 నవంబరులో గూగుల్ డెవలపర్లకు యాప్‌లు తయారుచేసే పనిముట్ల కిట్టు విడుదల చేసింది, అందులోనే ఎమ్యులేటర్ ఉంది. మొదటి ఆండ్రాయిడ్ ఫోను అమెరికాలో అమ్మకానికి వచ్చింది 2008 అక్టోబరులో. అంటే దాదాపు ఏడాదిపాటు బయటి డెవలపర్లకు ఎమ్యులేటరే ఫోను. దాని అడుగున ఉన్నది క్యూఎము అనే ప్రోగ్రాము, ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్రిస్ బెలార్డ్ 2003లో బయటపెట్టినది. ఇప్పటికీ పునాది అదే.

అప్పట్లో అది నత్తనడక నడిచేది. ఫోను చిప్పు ఆర్మ్ భాష మాట్లాడుతుంది, మన కంప్యూటర్ చిప్పు ఇంటెల్ భాష మాట్లాడుతుంది. ప్రతి ఆదేశాన్నీ మధ్యలో ఒక దుబాసీ కూర్చుని మార్చాలి. ఎమ్యులేటర్ ఆన్ చేసి టీ తాగి వచ్చేవాళ్లం, వచ్చాక కూడా ఆండ్రాయిడ్ అనే అక్షరాలు మెరుస్తూనే ఉండేవి. తర్వాత ఇంటెల్ భాషలోనే తయారుచేసిన ఆండ్రాయిడ్ ఇమేజ్‌లు, అంటే ఎమ్యులేటర్‌లో ఎక్కించే ఆండ్రాయిడ్ ప్రతులు, వచ్చాయి. ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నేరుగా నడపనిచ్చే వర్చువలైజేషన్ అనే సదుపాయం చిప్పులోనే ఉంటుంది, దాన్ని వాడుకోవడం మొదలైంది. దుబాసీతో పని లేకుండా పోయింది.

ఇక మీ ల్యాప్‌టాప్‌ల సంగతి. ఎమ్యులేటర్ మందకొడిగా నడుస్తోందని నా దగ్గరికి వచ్చే పదిమందిలో ఎక్కువమందికి ఆ వర్చువలైజేషన్ ఆఫ్ అయి ఉంటుంది. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కండి. కింద వర్చువలైజేషన్ అనే మాట ఎదురుగా ఎనేబుల్డ్ అని ఉందో లేదో చూడండి. లేకపోతే బయోస్‌లోకి, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల్లోకి, వెళ్లి ఆన్ చేయాలి. ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్ అని ఉంటుంది, ఏఎండీ అయితే ఎస్‌వీఎం అని ఉంటుంది. లినక్స్ వాడేవాళ్లు కేవీఎం గ్రూపులో, అంటే లినక్స్‌లో ఈ సదుపాయాన్ని వాడుకునే అనుమతి ఉన్నవాళ్ల జాబితాలో, మీ పేరు ఉందో లేదో చూసుకోండి. ఒక హెచ్చరిక: ఎమ్యులేటర్ వేగం కోసం ఇంటెల్ ఇచ్చిన హాక్సెమ్ అనే డ్రైవర్‌ను పెట్టుకోమని చెప్పే పాత వీడియోలు ఇంకా బోలెడు తిరుగుతున్నాయి. ఇంటెల్ దాన్ని 2023లోనే వదిలేసింది. ఇప్పుడు విండోస్‌లో దాని స్థానంలో, అదే పని చేసే గూగుల్ హైపర్‌వైజర్ డ్రైవర్ ఉంది, లేదా విండోస్‌దే సొంత హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ ఉంది.

ర్యామ్ 16 జీబీ ఉండాలని గూగుల్ చెబుతుంది. మీలో ఎంతమందికి 8 జీబీ? చాలా చేతులే లేచాయి. నా మొదటి ల్యాప్‌టాప్‌కూ అంతే. యాప్‌లు రాసుకునే ఆండ్రాయిడ్ స్టూడియో, బ్రౌజర్‌లో ముప్పై ట్యాబ్‌లు, ఎమ్యులేటర్ మూడూ కలిసి 8 జీబీలో ఇమడవు. స్టూడియో మూసేసి, కమాండ్ లైన్ నుంచి ఎమ్యులేటర్ ఒక్కదాన్నే నడపండి. అది స్టూడియో లేకుండా కూడా నడుస్తుందని చాలామందికి తెలియదు. తెర రిజల్యూషన్ తక్కువున్న పరికరాన్ని ఎంచుకోండి. సిస్టమ్ ఇమేజ్ ఎంచుకునేటప్పుడు ప్లే స్టోర్ ఉన్నదే కావాలని పట్టుబట్టకండి. ప్లే స్టోర్ ఉన్న ఇమేజ్‌లో రూట్ అధికారం, అంటే ఫోను లోపల ఏ ఫైలునైనా తెరిచే అధికారం, దొరకదు. ప్లే స్టోర్ లేకుండా గూగుల్ ఏపీఐలు (యాప్‌లు వాడుకునే గూగుల్ సేవలు) మాత్రమే ఉన్న ఇమేజ్‌లో దొరుకుతుంది, యాప్ లోపలి డేటాబేస్ ఫైలు తీసి చూడటానికి హాయిగా ఉంటుంది.

ఎన్ని పరికరాలు తయారుచేసుకోవాలి? నాకు మూడు చాలు: మీ యాప్ ఒప్పుకునే అతి పాత ఆండ్రాయిడ్‌తో ఒకటి, అన్నిటికన్నా కొత్తదానితో ఒకటి, కావాలనే బీదగా తయారుచేసినది ఒకటి. ఆ బీద ఫోనుకు 2 జీబీ ర్యామ్, చిన్న తెర, భాష తెలుగు, అక్షరాల సైజు పెద్దది. నా పనిలో సగం బగ్గులు దాని దగ్గరే దొరుకుతాయి.

ఇప్పుడు మీరందరూ పడబోయే మొదటి గుంత. ల్యాప్‌టాప్‌లో సర్వర్ నడుపుతారు, బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ అని కొడితే వస్తుంది. యాప్‌లో కూడా అదే రాస్తారు, రాదు. రాత్రి రెండింటిదాకా ఫైర్‌వాల్‌ను తిడుతూ కూర్చుంటారు. పాపం, ఫైర్‌వాల్ తప్పేమీ లేదు. ఎమ్యులేటర్ దృష్టిలో తాను వేరే యంత్రం. లోకల్‌హోస్ట్ అంటే దానికి తన ఇల్లే, మీ ల్యాప్‌టాప్ కాదు. మీ ల్యాప్‌టాప్‌ను పిలవాలంటే దానికి ప్రత్యేకంగా ఒక చిరునామా ఉంది: 10.0.2.2. రాసుకోండి. అది మార్చాక కూడా రాకపోతే రెండో గోడ ఉందన్నమాట. ఆండ్రాయిడ్ 9 నుంచి మామూలు హెచ్‌టీటీపీని వ్యవస్థే అడ్డుకుంటుంది, ఎస్ ఉన్నదాన్నే రానిస్తుంది. పరీక్షల కోసం తయారుచేసే యాప్ ప్రతికి, అంటే పరీక్షల బిల్డ్‌కు, మాత్రం మినహాయింపు రాసుకోవాలి. అసలు బిల్డ్‌లో ఆ మినహాయింపును మరిచిపోయి వదలకండి.

సరే, ఎరువుల దుకాణం దగ్గరికి వద్దాం. రైతుకు దగ్గరలో ఉన్న ఎరువుల దుకాణాలు చూపించే ఒక యాప్‌కు నేను టెస్టర్‌గా పనిచేశాను. ఎమ్యులేటర్‌లో జీపీఎస్‌కు మనమే స్థానం చెప్పాలి. చెప్పకపోతే అది కాలిఫోర్నియాలో గూగుల్ ఆఫీసు దగ్గర నిలబడి ఉంటుంది. కమాండ్ పేరు జియో ఫిక్స్. హైదరాబాద్ అక్షాంశం 17.38, రేఖాంశం 78.48. చిన్నప్పటినుంచి భూగోళం పుస్తకంలో చదివిన వరసలోనే, ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం కొట్టాను. మ్యాప్ అంతా తెల్లగా వచ్చింది. మ్యాప్ లోడ్ కాలేదని బగ్ రాసి పంపించాను. డెవలపర్ నవ్వుతూ వచ్చి మ్యాప్‌ను చిన్నది చేసి చూపించాడు. నేను నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో ఉన్నాను, ఉత్తర ధ్రువానికి కూతవేటు దూరంలో. తెల్లగా ఉన్నది హిమనదం. ఆ కమాండ్‌కు రేఖాంశం ముందు చెప్పాలి, అక్షాంశం తర్వాత. ధ్రువపు ఎలుగుబంట్ల మధ్య యూరియా బస్తాల కోసం వెతికానని ఆ ఆఫీసులో నాకు చాలా రోజులు పేరు ఉండిపోయింది.

కానీ ఆ తప్పు వల్ల ఒక మంచి జరిగింది. దగ్గరలో ఒక్క దుకాణం కూడా లేకపోతే ఏం చూపించాలో ఆ యాప్‌లో ఎవరూ రాయలేదు. ఖాళీ తెర వచ్చి తిరుగుతూనే ఉండేది. హైదరాబాద్‌లో కూర్చుని పరీక్షించినన్నాళ్లూ ఆ తెర ఎవరికీ కనబడలేదు. అడవి పక్కన ఉన్న తండాలో రైతు తెరిస్తే అదే వస్తుంది కదా.

ఇలాంటి కమాండ్లు ఇంకా చాలా ఉన్నాయి. బ్యాటరీ 4 శాతానికి దించవచ్చు, ఛార్జర్ పీకేయవచ్చు. ఒక నంబరు నుంచి కాల్ తెప్పించవచ్చు, ఎస్సెమ్మెస్ తెప్పించవచ్చు. మొబైల్ నెట్‌వర్క్ వేగాన్ని జీఎస్ఎం కాలంనాటి 14.4 కిలోబిట్లకు దించవచ్చు. దించి చూడండి, మీరు పెట్టిన ఆ అందమైన పెద్ద బొమ్మ రావడానికి ఎంత సేపు పడుతుందో తెలుస్తుంది. కమాండ్లు కొట్టడం ఇష్టం లేకపోతే పక్కన మూడు చుక్కల బటన్ నొక్కండి, దాదాపు అన్నీ అక్కడే ఉంటాయి. కెమెరాకు ఒక ఉత్తుత్తి గది ఉంది. ఆ గది గోడకు మీ క్యూఆర్ కోడ్ బొమ్మ అంటించి, కీబోర్డుతో నడుచుకుంటూ వెళ్లి స్కాన్ చేయవచ్చు. నాకు ఇప్పటికీ అది ఆటలాగే అనిపిస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇప్పుడు చెప్పబోయేది ఒక ఎత్తు. కొంచెం నిద్ర లేవండి.

పంట రుణానికి దరఖాస్తు చేసే యాప్. పద్నాలుగు గడులు నింపాలి: పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, ఇలా. చివరి గడిలో పాస్‌బుక్ ఫొటో తీయాలి. ఫొటో తీసి వెనక్కి వస్తే గడులన్నీ ఖాళీ. ఈ ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది. మా ఆఫీసులో ఎవరి ఫోనులోనూ రావడం లేదు. "వాళ్లకు వాడటం రాదు" అని ఒక పెద్దమనిషి తేల్చేశాడు. ఆ మాట నాకు నచ్చలేదు. పద్నాలుగు గడులు తెలుగులో ఓపికగా నింపిన మనిషికి వాడటం రాకపోవడమేమిటి?

జరుగుతున్నది ఇది. ర్యామ్ తక్కువున్న ఫోనులో కెమెరా తెరిస్తే చోటు చాలదు. వెనక ఉన్న మన యాప్‌ను ఆండ్రాయిడ్ చంపేస్తుంది. వెనక్కి రాగానే మళ్లీ పుట్టిస్తుంది, అదే తెర చూపిస్తుంది. మనిషికి ఏమీ జరిగినట్టు తెలియదు. కానీ గడుల్లో రాసిన వివరాలు జ్ఞాపకంలోనే ఉండేవి, ఆ జ్ఞాపకంతోపాటే పోయాయి. మా 12 జీబీ ఫోన్లలో చోటుకు కొదవ లేదు, అందుకే ఆ చావు మా కంటపడలేదు.

ఎమ్యులేటర్‌లో ఈ చావును మనం చేతులారా తెప్పించవచ్చు. గడులు నింపండి. హోమ్ బటన్ నొక్కి యాప్‌ను వెనక్కి పంపండి. ల్యాప్‌టాప్ నుంచి ఫోనుకు ఆదేశాలు పంపే ఏడీబీ షెల్‌లో ఏఎం కిల్ అని కొట్టి యాప్ ప్యాకేజీ పేరు ఇవ్వండి. ఇప్పుడు ఇటీవలి యాప్‌ల జాబితాలోంచి మళ్లీ తెరవండి. ఇరవై సెకన్ల పని. మొదటిసారే గడులన్నీ ఖాళీగా వచ్చాయి. ఫోర్స్ స్టాప్ నొక్కితే ఇది రాదు, గుర్తుంచుకోండి. అది యాప్‌ను మొదటినుంచి మొదలుపెడుతుంది, అది వేరే దారి.

డెవలపర్ వాదన ఏమిటంటే, తెర అడ్డంగా తిప్పి చూశాను, వివరాలు నిలిచాయి అని. నిజమే, తెర మీది వివరాలను జ్ఞాపకంలో పట్టుకునే వ్యూమోడల్ అనే భాగం తెర తిప్పితే బతుకుతుంది. నడుస్తున్న యాప్ మొత్తం, అంటే ప్రాసెస్, చచ్చిపోతే అది కూడా పోతుంది. యాప్ చచ్చినా ఆండ్రాయిడ్ దాచి తిరిగి ఇచ్చే సేవ్డ్ స్టేట్‌లో పెట్టాలి, లేదా రాసింది రాసినట్టు డేటాబేస్‌లో ముసాయిదాగా దాచాలి. మేం రెండోదే చేశాం. మర్నాడు తెరిచినా సగం నింపిన దరఖాస్తు అలాగే ఉంటుంది కాబట్టి.

తెలుగు సంగతి. మీ యాప్‌లో తెలుగు పెడుతున్నారా? చేతులు తక్కువ లేచాయి. పెట్టినప్పుడు ఎమ్యులేటర్ భాషను తెలుగుకు మార్చి, అక్షరాల సైజును చివరిదాకా జరపండి. ఆండ్రాయిడ్ 14 నుంచి 200 శాతం దాకా పెరుగుతుంది. మా బటన్ ఒకటి ఎత్తు బిగించేసి ఉండేది. ఇంగ్లిషులో నీటుగా ఉంది. తెలుగులో "చెల్లించండి" అన్న మాటకు కింద లకారపు ఒత్తు తెగిపోయి "చెలించండి" అయింది. పక్కనే "మళ్లీ ప్రయత్నించండి" అనేది "మళీ" అయి కూర్చుంది. ఇంగ్లిషు అక్షరాలు గీత మీద నిలబడతాయి, మనవి కిందికి వేళ్లూనుతాయి. ఎత్తు బిగించకూడదు, అంతే.

పరీక్షకు పేర్లు కూడా టెస్ట్ వన్, టెస్ట్ టూ అని పెట్టకండి. శ్రీలక్ష్మి, కాత్యాయని, జ్ఞానేశ్వర్ అని పెట్టండి. 2018 ఫిబ్రవరిలో ఏం జరిగిందో మీకు గుర్తుండకపోవచ్చు, అప్పుడు మీరు చిన్నపిల్లలు. జ్ఞా అనే తెలుగు అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన కూర్పులో మెసేజ్‌గా పంపితే ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలిపోయేవి. జ, పొల్లు, ఞ, తర్వాత కనబడని ఒక అక్షరం, ఆ తర్వాత దీర్ఘం. ఆ కనబడని అక్షరం ఏదో కాదు, సాఫ్ట్‌వేర్ అని రాసేటప్పుడు ట కింద వ ఒత్తుగా పడకుండా మనం మధ్యలో పెట్టేదే. ఆపిల్ హడావిడిగా 11.2.6 అనే సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. ప్రపంచంలో పేరున్న కంపెనీయే మన జ్ఞానానికి తట్టుకోలేకపోయింది, మీ యాప్ ఎంత! ఒక చిన్న చిక్కు: ఏడీబీతో అక్షరాలు కొట్టించే కమాండ్ తెలుగును తీసుకోదు. ల్యాప్‌టాప్‌లో కాపీ చేసి ఎమ్యులేటర్‌లో పేస్ట్ చేయండి, క్లిప్‌బోర్డ్ రెండిటికీ ఒకటే.

ఐఫోన్ వైపు నాకు అనుభవం తక్కువ, రెండు మాటలతో వదిలేస్తాను. దానికి మ్యాక్ కావాలి, వేరే దారి లేదు. అక్కడ ఉన్నది ఎమ్యులేటర్ కాదు, సిమ్యులేటర్. మీ యాప్‌ను మ్యాక్ కోసం తయారుచేసి మ్యాక్ మీదే నడుపుతుంది, ఫోను వేషం వేస్తుందంతే. అందుకే వేగంగా ఉంటుంది, అందుకే మోసం కూడా చేస్తుంది. మ్యాక్‌లో మామూలుగా ఫైలు పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పట్టదు. ఐఫోన్‌కు పడుతుంది. సిమ్యులేటర్‌లో కనబడిన బొమ్మ అసలు ఫోనులో మాయమైతే ముందు ఫైలు పేరు చూడండి.

ఇప్పుడు ఆలెన్ మరిచిపోయిన లోడర్ దగ్గరికి, అంటే ఎమ్యులేటర్‌లో కనబడనివాటి దగ్గరికి. ఎమ్యులేటర్‌లో అసలు సిమ్ ఉండదు. యూపీఐ యాప్ నమోదయ్యేటప్పుడు మీ సిమ్ నుంచి నిజంగా ఒక ఎస్సెమ్మెస్ బయటికి వెళ్లాలి. అది ఇక్కడ జరగదు. చాలా బ్యాంకు యాప్‌లు ఎమ్యులేటర్‌ను గుర్తుపట్టి తలుపు తీయవు. ఎండలో వేడెక్కి ఫోను నెమ్మదించడం ఇక్కడ లేదు. పొలంలో బురద వేలు, పగిలిన తెర, వంద రూపాయల ఛార్జర్ ఇక్కడ లేవు. ఇంకో ముఖ్యమైనది, కొన్ని ఫోన్ల కంపెనీలు బ్యాటరీ ఆదా కోసం వెనక నడిచే యాప్‌లను తమ సొంత నియమాలతో ఆపేస్తాయి. ఎమ్యులేటర్‌లో ఉన్నది కల్తీ లేని ఆండ్రాయిడ్, ఆ నియమాలేవీ దానికి తెలియవు. అలారం మోగలేదు, నోటిఫికేషన్ రాలేదు అనే ఫిర్యాదు వస్తే ఎమ్యులేటర్ ముందు కూర్చోకండి. ఆ కంపెనీ ఫోను ఒకటి అడిగి తెచ్చుకోండి. నేను మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడ ఫోను అడిగి తీసుకున్నాను ఒకసారి. ఆవిడ ఫోనులో ఖాళీ 300 ఎంబీ. మా యాప్ ఇన్‌స్టాల్ కూడా కాలేదు. మా టెస్ట్ ప్లాన్‌లో ఆ వరసే లేదు.

ప్రశ్నలా? అడగండి... స్నాప్‌షాట్, అంటే ఎమ్యులేటర్ ఆగినప్పటి స్థితిని దాచుకుని మళ్లీ అక్కడినుంచే తెరవడం, వాడవచ్చా అని అడుగుతున్నారు. మామూలు పనికి వాడండి, రెండు క్షణాల్లో తెరుచుకుంటుంది. కానీ నిన్నటి పరీక్షలో లాగిన్ అయిన ఖాతా, నిన్న ఇచ్చిన అనుమతులు అన్నీ అలాగే ఉంటాయి. కొత్త వాడుకరి మొదటిసారి తెరిస్తే ఏమవుతుందో చూడాలంటే డేటా తుడిచి, కోల్డ్ బూట్ చేయండి, అంటే స్నాప్‌షాట్ లేకుండా మొదటినుంచి ఆన్ చేయండి. ప్రోగ్రామే బటన్లు నొక్కి చూసే ఆటోమేషన్ పరీక్షలకైతే ప్రతిసారీ అలాగే మొదలుపెట్టండి, తెరల యానిమేషన్లు ఆపేయండి. లేకపోతే ఒక పూట పాసై ఒక పూట ఫెయిలయ్యే పరీక్షలతో వేగలేరు.

ఇంకొకరు? మీ ప్రాజెక్టు యాప్‌నా, ఇప్పుడే చూడమంటారా? భేష్, రండి. ఏం యాప్? హాస్టల్ గది మరమ్మతు ఫిర్యాదులా, బాగుంది. ఫొటో కూడా పెట్టాలా? ఇంకా బాగుంది. యాప్ ఇన్‌స్టాల్ చేసే ఏపీకే ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉందా, ఇవ్వండి. ఇదిగో మన బీద ఫోను, 2 జీబీ. వివరాలన్నీ మీరే నింపండి, తొందర లేదు. ఫొటో తీసే దగ్గరికి రాగానే హోమ్ నొక్కి నాకు చెప్పండి. ఈలోపు నేను ఏఎం కిల్ టైపు చేసి పెట్టుకుంటాను.